చెవి కుట్టిన నాటి ఏడుపు

మా వైపు తెలుగు కుటుంబాలలో చెవులు కుట్టే వేడుకనాడు బిడ్డ ఏడవవలసిందే. ఏడవకపోతే వచ్చినవారికి తృప్తి ఉండదు. బిడ్డ నోరు తెరవగానే మేళగాళ్ళు డోలు వేగం పెంచుతారు, ఆడవాళ్ళు నాలుక తిప్పి కులవ పెడతారు, మేనమామ బిడ్డ చేతులను తన చంకల కింద బిగించి నవ్వుతాడు. ఆ నవ్వూ ఆ ఏడుపూ ఒకే ఫొటోలో పడాలి. ఏడుపును ఇంతగా కోరుకునే శుభకార్యం మరొకటి నాకు తెలియదు. నా కూతురి కూతురు ఏడ్చిన నాడు కూడా అందరూ అలాగే సంతోషించారు. అప్పటికే ఆ పిల్లకు ఎడమ చెవి లోపల చీము పట్టి ఉంది. ఆ సంగతి ఎవరికీ తెలియదని అనడం న్యాయం కాదు. పిల్ల చెప్పింది.

నేను తమిళ బడిలో ప్రధానోపాధ్యాయుడిగా పనిచేసి విరమించినవాణ్ణి. కోయంబత్తూరులో కాలేజీలో తెలుగును భాషగా తీసుకుని చదివిన కొద్దిమందిలో ఒకణ్ణి. ఈ ప్రాంతంలో ఇంట్లో తెలుగు మాట్లాడేవారు ఎందరో ఉన్నారు గాని, అక్షరం తెలిసినవారు నా బంధువులలో ఒక్కరూ లేరు. కొడుక్కి నేర్పబోయి విరమించుకున్నాను. కూతురు తన పేరు వరకు రాయగలదు. కాబట్టి ఈ రాతను మావాళ్ళెవరూ చదవరు. జరిగినది జరిగిన వరుసలో, ఎవరి మొహమూ చూడకుండా రాయడానికి అది అనుకూలమే.

మా ఇల్లు సూలూరు దగ్గర. నా కొడుక్కి అక్కడ మరమగ్గాల షెడ్డు ఉంది. కూతురిని కారమడై అవతల ఒక భూమి ఉన్న ఇంటికి ఇచ్చాము. వాళ్ళవి అరటి, కరివేపాకు తోటలు. అల్లుడు నెమ్మదైనవాడు. తన తల్లి మాట్లాడుతున్నప్పుడు మాట్లాడడు, తల్లి మాట్లాడనప్పుడు కూడా మాట్లాడడు. ఇల్లు నడిపేది ఆ తల్లి, నా వియ్యపురాలు.

మనుమరాలికి మొదటి ఏడే చెవులు కుట్టవలసింది. మేనమామ ఒడి లేకుండా కుట్టరాదు. మేనమామ వట్టి చేతులతో రారాదు. ఆ ఏడు నా కొడుకు షెడ్డులో సగం మగ్గాలు ఆగిపోయి ఉన్నాయి. మూడో ఏడు కూడా అతని చేయి ఆడలేదు. అయిదో ఏట మగ్గాలన్నీ తిరగడం మొదలయ్యాక, అంతకాలం వాయిదా వేసినందుకు పడ్డ మాటలన్నింటినీ ఒక్క రోజులో తీర్చుకోవాలని నిశ్చయించాడు. మేకపోతులను ముందే తెచ్చి కట్టించాడు. కారమడై నుంచి తోటకు తిరిగే మలుపులో పెద్ద ఫ్లెక్స్ కట్టించాడు. అందులో పిల్ల ఫొటో ఒక మూల చిన్నదిగా ఉంది. చలువ కళ్ళద్దాలు పెట్టుకుని చెయ్యెత్తి నిలబడిన మేనమామ ఫొటో మిగతా స్థలమంతా ఆక్రమించింది.

వేడుకకు కొద్ది రోజుల ముందు తాంబూలపు తట్టతో నేను ఆ ఇంటికి వెళ్ళాను. అంతకుముందు వారంలో పిల్లకు జలుబు చేసిందని కూతురు ఫోనులో చెప్పింది. పిల్ల హాలులో సోఫా చివర కూర్చుని ఉంది. టీవీలో బొమ్మలు ఆడుతున్నాయి గాని అటు చూడటం లేదు. ఎడమ అరచేతిని చెవికి అడ్డంగా పెట్టుకుని, తలను ఆ చేతి మీదికి వాల్చింది.

"ఏమమ్మా, చెవి పట్టుకొని కూర్చుండావు?" అని అడిగాను.

"లోపల కొట్టుకుంటాది తాతా."

వియ్యపురాలు వంటింట్లోనుంచి కాఫీతో వస్తూ నవ్వింది. "లోపల కొట్టుకునేది చెవి కాదన్నా, బయం. చెవులు కుట్టే ఆచారి వస్తాడని ఎప్పుడు తెలిసిందో అప్పటినుంచి చెవి నొప్పి. బళ్ళో మీరు చూడని పిల్లకాయలా? పరీక్ష నాడు కడుపు నొప్పి వచ్చే మాదిరి."

"ఏ పక్క నొప్పి?" అన్నాను పిల్లతో.

"ఈ పక్క."

"నిన్న ఏ పక్క చెప్పినావే?" అంది నాయనమ్మ.

"ఈ పక్కే అవ్వా."

"మొన్న?"

"ఈ పక్కే."

"చూసినారా అన్నా, ఎంత జ్ఞాపకంగా చెప్తాదో. వేరే పిల్లయితే ఒకసారి మరిచిపోయి అవతల పక్క చూపిస్తాది. ఇది సరైన కళ్ళి."

కళ్ళి అంటే తమిళంలో దొంగపిల్ల. ముద్దుకూ అంటారు, కోపానికీ అంటారు. ఆమె ముద్దుగానే అంది. మాట మార్చకపోవడం అబద్ధానికి గుర్తు అనే తర్కాన్ని నా ఉద్యోగకాలమంతటిలోనూ నేను వినలేదు.

నా కూతురు గుమ్మం దగ్గర నిలబడి, "జొరం గూడా ఉండాది అత్తా" అంది.

"నీకు గూడా ఉండె, నీ చెవులు కుట్టిన నాడు. మీ అమ్మే చెప్పింది. ఆ జొరంతో నీకేం తక్కువైంది? నాకు ఎదురు చెప్పేంత పెద్దదానివైనావు."

అందరూ నవ్వారు. కూతురు కూడా నవ్వింది. ఆ ఇంట్లో నవ్వకపోతే మరో మాట వస్తుంది.

"ఒకసారి చెవి డాక్టరుకు చూపిస్తే మంచిది" అన్నాను.

"చూపిస్తే ఆయన ఏం చెప్తాడు? తేదీ తోసేయమంటాడు. తోసేదానికి నాకేం కష్టం అన్నా? కష్టం మీ అబ్బాయికి. ఫ్లెక్స్ కట్టినాడు. మేకపోతులు తెచ్చి కట్టినాడు, అవి రోజూ గడ్డి తింటా ఉండాయి. మళ్ళీ ఏడో ఏడంటే ఊరు ఏమంటాది? మామకు చేతకాలేదంటాది. మీ మంచికే చెప్తా ఉండాను. ముందు కుట్టేది ముగియనీ, తర్వాత ఏ డాక్టరు దగ్గరికైనా పోదాం."

నేను మళ్ళీ చెప్పలేదు. ఆడబిడ్డనిచ్చిన ఇంట్లో ఒక మాటను ఒక్కసారే చెప్పాలన్నది మా పద్ధతి. ఆ పద్ధతి తప్పని ఇప్పటికీ అనను.

ఆమె పిల్లను అసలే పట్టించుకోలేదని కూడా అనకూడదు. నువ్వులనూనెలో వెల్లుల్లి రెబ్బలు నల్లబడేదాకా కాచి, చిటికెన వేలితో వేడి చూసి, పిల్లను తొడ మీద అడ్డంగా పడుకోబెట్టి చెవిలో పోసింది. పిల్ల కాళ్ళు కొట్టుకుంటే నా కూతురు పట్టుకుంది. పోసిన తర్వాత దూది కుక్కారు. ఆ తర్వాత నేనున్నంతసేపు పిల్ల నొప్పి అనలేదు. నూనె పనిచేసిందని వియ్యపురాలు సంతోషపడింది. నొప్పి అంటే నూనె వస్తుందని పిల్ల నేర్చుకుంది, అంతే.

వేడుకనాడు పొద్దున్నే పిల్లకు తలంటు పోశారు. తోటకు దగ్గరలోనే వాళ్ళ కులదేవత గుడి ఉంది. పందిరి కింద బంధువులు, కుర్చీలు, ఒక మూల పెద్ద గుండిగలలో ఉడుకుతున్న మాంసం. నా కొడుకు పట్టు పంచె కట్టుకుని, సీరు తట్టలు, అంటే సారె పళ్ళేలు, మోసే ఆడవాళ్ళను ముందు నడిపించి, మేళంతో వచ్చాడు. పీట మీద కూర్చుని మేనకోడలిని ఒడిలోకి తీసుకున్నాడు. ముందు మంగలి వచ్చి గుండు చేశాడు. కత్తి ఎడమ చెవి వెనక్కి వచ్చినప్పుడల్లా పిల్ల మెడ ముడుచుకుంది. మేనమామ గడ్డం పట్టి నిలబెట్టాడు. గుండుకు గంధం పూసి, మెడలో పూలమాల వేసి, నోట్లో అరటిపండు ముక్క పెట్టారు. మింగలేక దవడన ఉంచుకుంది.

కంసాలి వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. మేము ఆచారి అంటాము. ఆడపిల్లకు ఎడమ చెవి ముందు. అతను చెవి తమ్మెను మెల్లగా కిందికి లాగి, ఎక్కడ కుట్టాలో గంధంతో చుక్క పెట్టబోయాడు. అంతే, పిల్ల అరిచింది. నేను అలాంటి అరుపును అంతకుముందు వినలేదు. నోట్లోని అరటిపండు ముక్క ఆచారి చొక్కా మీద పడింది.

"ఇంకా సూది ఎత్తలేదు తల్లీ" అన్నాడు అతను, ఖాళీ చేతులు అందరికీ చూపిస్తూ.

పందిరంతా నవ్వులు. "సూది రాకముందే పాట ఎత్తుకొనిందే" అని ఎవరో అన్నారు. "అవ్వ పోలిక" అని మరెవరో అన్నారు. మేళగాళ్ళు డోలు అందుకున్నారు. నా కొడుకు ఒక చేతిని పిల్ల ఛాతీ మీదుగా వేసి బిగించాడు. రెండో అరచేతిని చెవి వెనక ఎముకకు ఆనించి, తల కదలకుండా గట్టిగా నొక్కి పట్టాడు. ఆ చోటే నొక్కాడు. పిల్ల తల వెనక్కి విసిరి అతని గడ్డాన్ని కొట్టింది. అతను నవ్వుతూనే పెదవి మీది రక్తం తుడుచుకున్నాడు.

ఫొటోగ్రాఫరు మోకాళ్ళ మీద ముందుకు వచ్చాడు. "అణ్ణా, కొంచెం అట్టే పట్టుకోండి. ఆచారీ, మీరు కొంచెం ఆగండి. కన్నీళ్ళు ఫోకస్ చేసుకుంటాను."

ఆగారు. ఫోకస్ చేసుకున్నాడు. తర్వాత సూది దిగింది.

అప్పుడు కుడి చెవి వంతు వచ్చింది. ఆచారి తమ్మె లాగాడు, చుక్క పెట్టాడు, కుట్టాడు, కమ్మ పెట్టి మర బిగించాడు. పిల్ల ఏడవలేదు. సూది దిగుతున్నప్పుడు ఒకసారి కనురెప్పలు వాల్చి ఎత్తింది, అంతే. కులవకు సిద్ధంగా ఉన్న ఆడవాళ్ళు నిరాశపడ్డారు.

"ఈ చెవికి ఎందుకు ఏడవలే?" అన్నాడు ఫొటోగ్రాఫరు.

"ఊపిరి అయిపొయ్యింది పావం" అన్నాడు నా కొడుకు.

"అలవాటయిపొయ్యింది" అంది వియ్యపురాలు. "ఒక చెవికే తెలిసిపోలేదా ఇదేమీ లేదని?"

అందరూ భోజనాలకు లేచారు. మాంసం బాగుందని చాలామంది చెప్పారు.

మర్నాడు పొద్దున పిల్ల తలగడ మీద పసుపుపచ్చని మరక ఉందనీ, జ్వరం తగ్గిందనీ, చెవి పట్టుకోవడం మానేసిందనీ నా కూతురు ఫోనులో చెప్పింది. వెనకనుంచి వియ్యపురాలి మాట వినిపించింది. "చెవి కుడితే చెవి నొప్పి పోతాదని చెప్పు మీ నాయనకు. డాక్టరు డాక్టరు అన్నాడు గదా." లోపల నిండిన చీము కర్ణభేరిని చీల్చుకుని బయటికి దారి చేసుకుంటే, ఒత్తిడి తగ్గి నొప్పి తగ్గుతుందని తర్వాత డాక్టరమ్మ నాకు వివరించింది. ఆ నాడు ఆ ఇంట్లో దానిని స్వస్థత అనుకున్నారు. పిల్లను బడికి కూడా పంపారు.

కొన్నాళ్ళు గడిచాక వియ్యపురాలే నాకు ఫోను చేసింది. ఆమె నేరుగా ఫోను చేయడం అరుదు.

"అన్నా, ఒక మాట అడుగుతాను, తప్పుగా తీసుకోవద్దు. ఆ కమ్మలు ఏ అంగట్లో చేయించినారు?"

"ఎందుకమ్మా?"

"చెవి చీము పట్టి ఉండాది. చెవి వెనక గూడా వాచింది. మా ఇంట్లో ఎంతమందికి కుట్టినాము, ఎవరికీ ఇట్ట కాలేదు. నల్ల బంగారమయితే పచ్చి చెవిని ఏమీ చెయ్యదు. నేనేమీ అనలేదు, అడుగుతా ఉండాను, అంతే."

నల్ల అంటే తమిళంలో మంచి. మేలిమి కాని బంగారం పచ్చి గాయంలో పడితే చీము పడుతుందని మావాళ్ళందరి నమ్మకం. అందువల్ల చెవి చీము పట్టింది అనే మాటకు మా కుటుంబాలలో ఒకే అర్థం ఉంది: మేనమామ రాగి కలిపిన కమ్మలు పెట్టాడని. ఈ మాట నా కొడుక్కి చేరకుండా ఉండాలని నేను ప్రయత్నించలేదు, ఎందుకంటే అప్పటికే ఆమె ముగ్గురు బంధువులను అడిగింది. సాయంత్రానికి షెడ్డులో పనిచేసేవాళ్ళకు కూడా తెలిసింది.

మర్నాడు పొద్దున కొడుకు నన్ను కారులో ఎక్కించుకుని కారమడై బయలుదేరాడు. దారిలో పిల్ల ఎలా ఉందని ఒకసారి కూడా అనలేదు. "నా బంగారంలో రాగి ఉండాదంట. నేను ఆ ఇంటికి రాగి తీసుకొని పోయినానంట" అని మాత్రం చాలాసార్లు అన్నాడు. ఫ్లెక్స్ ఇంకా మలుపులోనే ఉంది. దాని దగ్గర కారు నెమ్మది చేసి చూసి, మళ్ళీ వేగం పెంచాడు.

హాలులో అందరూ నిలబడే ఉన్నారు. పిల్ల సోఫా మీద పడుకుని ఉంది. దగ్గరికి వెళ్ళి చూశాను. ఎడమ చెవి వెనక ఎర్రగా, నున్నగా వాచి, ఆ వాపు చెవి మొత్తాన్ని ముందుకూ కిందికీ తోసింది. తలకు అంటుకుని ఉండవలసిన చెవి, సగం తెరిచిన తలుపులా నిలిచింది. పిల్ల నన్ను చూసి నవ్వలేదు. కళ్ళు ఒకచోట నిలపలేకపోతోంది.

కుట్టిన పుండు మానేదాకా ఆ కమ్మను పెట్టిన మేనమామ తప్ప వేరెవరూ తీయరాదన్నది నియమం. అందుకే చీము కారుతున్నా అన్ని రోజులూ ఎవరూ దానిని ముట్టలేదు. నా కొడుకు మోకాళ్ళ మీద కూర్చుని మర విప్పాడు. తీసిన కమ్మను చేతిరుమాలులో చుట్టుకున్నాడు.

నేను తమ్మెను చూశాను. కుట్టిన రంధ్రం శుభ్రంగా, పొడిగా, ఎరుపు లేకుండా ఉంది. చీము వస్తున్నది చెవి లోపలి రంధ్రంలోనుంచి. చూడదలచిన వారికి అది స్పష్టంగా కనిపించేదే.

"తమ్మె బాగుంది" అన్నాను. "ఇది లోపలినుంచి వచ్చింది. ముందు ఆస్పత్రికి పోదాం."

వియ్యపురాలు నా వైపు చూడకుండా అల్లుడితో అంది. "కొడుకు బంగారాన్ని వెనకేసుకొని రాకుండా ఉంటారా? ఉండరు. నేనైనా అట్టే చెప్తాను."

"నాయనా, నువ్వు సుమ్మా ఉండు" అన్నాడు నా కొడుకు. "ఇప్పుడు ఆస్పత్రికి పోతే, బంగారం చూపించేదానికి బయపడి పిల్లను ఎత్తుకొని పోయినారంటారు. ముందు నా పేరు తేలాల. మిషన్‌లో పెట్టి చూడనీ, ఎంత రాగి ఉండాదో."

"ఒక పక్కవాళ్ళే పోతే ఎట్ట నమ్మేది?" అంది ఆమె. "మేమూ వస్తాము."

ఆమె, అల్లుడు, నా కొడుకు వెళ్ళారు. నమ్మకం లేనందున ఒకే కారులో వెళ్ళలేదు. రెండు ఇళ్ళ కార్లూ, ఒక చెవి కమ్మను పరీక్షించడానికి, కోయంబత్తూరు బంగారు అంగళ్ళ వీధికి బయలుదేరాయి. ఆ చెవి సోఫా మీద ఉండిపోయింది.

నా కూతురు భర్తకు ఫోను చేసింది. నా ఎదురుగానే, స్పీకరులో పెట్టి మాట్లాడింది. "నాయనతో ఆస్పత్రికి తీసుకొని పోనా?" అతను, "మేము వచ్చేదాకా ఆగు. మేము లేకుండా పోతే అమ్మ ఏమంటాదో నీకు తెలుసు" అన్నాడు. ఆమె ఫోను బల్ల మీద పెట్టి నా వైపు చూసింది.

పిల్ల నీళ్ళు కావాలని లేచింది. నాలుగడుగులు వేసి ఎడమ పక్కకు వాలి, గోడను పట్టుకోబోయి అందక, వాకిలి చట్రానికి భుజం కొట్టుకుంది. లేచి మళ్ళీ నడిచింది, మళ్ళీ అదే పక్కకు పడింది. పక్కింటి ఆడపిల్లలు ఇద్దరు కిటికీ దగ్గర నిలబడి చూస్తున్నారు. "చూడవే, సారాయి అంగడినుంచి వచ్చినట్ట నడుస్తాది" అని ఒకతె అంది. ఇంకొకతె ఆ నడకను చేసి చూపించింది. నా మనుమరాలు వాళ్ళను చూసి తానూ నవ్వింది, ఆట అనుకుని. వెంటనే వాంతి చేసుకుంది.

"చెప్పులేసుకో" అన్నాను కూతురితో.

ఆ సమయానికి దొరికినది తోటలో కరివేపాకు కట్టలు ఎత్తుకుంటున్న వ్యాను ఒక్కటే. డ్రైవరు పక్కన నేను, నా పక్కన పిల్లను ఒళ్ళో వేసుకుని కూతురు. వెనకనుంచి వాసన లోపలికి కమ్మింది. మేట్టుపాళెం రోడ్డు ఎక్కాక నా ఫోను మోగింది.

"నాయనా, మేలిమి" అన్నాడు కొడుకు. ఆ గొంతులో అంత సంతోషం షెడ్డు తెరిచిన రోజు కూడా వినలేదు. "మిషన్‌లో రెండుసార్లు పెట్టించినాను. ఆమె ఎదురుగానే. ఆ మొఖం నువ్వు చూడాల. స్వీట్ తీసుకొని వస్తా ఉండాను, ఆ ఇంట్లో అందరి నోట్లో నేనే పెడతాను."

"మేము ఆస్పత్రికి పోతున్నాం."

"ఎందుకు?" అన్నాడు. "బంగారం సరిగానే ఉండాదే."

నేను ఫోను కట్టేశాను.

ఆస్పత్రిలో చెవి డాక్టరమ్మ పిల్లను పడుకోబెట్టి, చెవి వెనక వేలు పెట్టకుండానే చూసి, లోపలికి తీసుకుపొమ్మంది. తల స్కానింగు తీశారు. అందరూ చేరేసరికి ఆపరేషనుకు సంతకం కావలసి వచ్చింది. అల్లుడు పెట్టాడు. డాక్టరమ్మ తమిళంలో చెప్పినది నేను ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. చిన్నపిల్లలకు ముక్కునుంచి చెవికి వెళ్ళే గొట్టం పొట్టిగా, అడ్డంగా ఉంటుంది. జలుబు ఆ దారిన మధ్యచెవికి పోతుంది. చాలామంది పిల్లలకు వస్తుంది, మందుతో పోతుంది. ఈ పిల్లకు పోలేదు. చీము వెనక ఉన్న ఎముకలోకి దిగింది, లోపలి చెవికీ పోయింది. తూలి పడటం అందుకే. చెవి కుట్టడానికీ దీనికీ సంబంధం లేదు.

"బంగారానికి?" అన్నాడు నా కొడుకు.

ఆమెకు ప్రశ్న అర్థం కాలేదు. మళ్ళీ అడిగాడు. "ఎవరు చెప్పారు మీకు?" అంది. అతను వియ్యపురాలి వైపు చూశాడు.

"ముందు చెవి నొప్పి అని పిల్ల చెప్పలేదా?" అని డాక్టరమ్మ అడిగింది.

వియ్యపురాలు, "చెప్పిందమ్మా. పిల్లలు ఎన్నో చెప్తారు గదా" అంది.

డాక్టరమ్మ ఆపరేషను గదిలోకి వెళ్ళిపోయింది.

ఎముక తొలిచి చీము తీశారు. ప్రాణానికి భయం లేదన్నారు. మెదడుకు పోకముందే తెచ్చారన్నారు. వినికిడి సంగతి తర్వాత పరీక్షించి చెబుతామన్నారు. ఆ మాట దగ్గర నా కూతురు గోడకు ఆనుకుంది. వియ్యపురాలు ముందుకు వచ్చి అడిగింది.

"మళ్ళీ కమ్మలు పెట్టవచ్చునా అమ్మా?"

"పెట్టవచ్చు."

"మచ్చ తెలుస్తాదా?"

"చెవి వెనకే. జుట్టు పెరిగితే కనపడదు."

ఆమె చేతులు జోడించి కళ్ళు మూసుకుంది. "అంతమటుకు స్వామి కాపాడినాడు" అంది. నా కొడుకు కూడా ఊపిరి వదిలాడు. వాళ్ళిద్దరూ ఒకరినొకరు చూసుకోవడం పొద్దుటినుంచి అదే మొదటిసారి.

పిల్ల ఆస్పత్రిలో ఉన్న రోజులలో రెండు కుటుంబాలూ రాజీపడ్డాయి. ఆ రాజీ ఎలా జరిగిందో నేను వార్డు బయట బెంచీ మీద కూర్చుని విన్నాను. స్వీటు పెట్టె తెరిచే ఉంది. బంగారం పరీక్షనాడు కొన్నదే.

"నేనూ తొందరపడి మాట అనేసినాను" అంది వియ్యపురాలు. "మనసులో పెట్టుకోవద్దు."

"నేనూ కోపంలో ఏమేమో మాట్లాడినాను అత్తా. విడిచిపెట్టండి. బంగారం మీద తప్పు లేదు, మీ మీదా తప్పు లేదు."

"పిల్ల సరిగ్గా చెప్పలేదప్పా. అదే తప్పు. లోపల కొట్టుకుంటాది అంటే ఎవరికి అర్థమవుతాది? ఇంత నొప్పి ఉండాదని గట్టిగా ఏడ్చి చెప్తే మనం పోకుండా ఉంటామా?"

"ఉంటామా?" అన్నాడు నా కొడుకు. "నోరు తెరిచి ఏడ్చి చెప్పాల గదా."

అల్లుడు తల ఊపాడు. అతను ఆ రోజులలో ఒక అభిప్రాయం వెల్లడించడం నేను చూసినది అదొక్కసారే. పెట్టె నా వరకూ వచ్చింది. వద్దన్నాను. షుగరు అనుకున్నారు.

గాయం మాని, కుట్లు విప్పాక, వినికిడి పరీక్షకు పిలిచారు. అందరూ వచ్చారు. ఆ చిన్న గదిలోకి బయటి శబ్దం పోదు. దాని తలుపు బ్యాంకు లాకరు తలుపంత మందం. లోపల ఒక కుర్చీ, గోడకు పెద్ద అద్దపు కిటికీ. కిటికీ ఇవతల మిషను ముందు పరీక్ష చేసే అమ్మాయి కూర్చుంది. ఆమె వెనక మేము నిలబడ్డాము. అమ్మాయి పిల్లకు చెవులమీద పెట్టుకునేవి తగిలించి, "కీచుమని చిన్న శబ్దం వస్తే చెయ్యి ఎత్తాలి, సరేనా కణ్ణు?" అని తమిళంలో చెప్పి, బయటికి వచ్చి తలుపు మూసింది.

ముందు కుడి చెవి. అమ్మాయి మీట నొక్కినప్పుడల్లా పిల్ల చెయ్యి ఎత్తింది. ఎంత చిన్న శబ్దానికైనా ఎత్తింది. తర్వాత, కుడి చెవికి వినపడకుండా దానిలో హోరు పెట్టి, ఎడమ చెవి. మీట నొక్కింది. పిల్ల అద్దంలోనుంచి మా వైపు చూస్తూ కూర్చుంది. శబ్దం పెంచి నొక్కింది. పిల్ల మా వైపే చూస్తోంది.

నా పక్కన వియ్యపురాలు తల ఊపింది.

పిల్ల చెయ్యి ఎత్తింది.

"ఆ, చూడండి" అంది వియ్యపురాలు. "వినిపిస్తాది. నేను చెప్పలా?"

అమ్మాయి మళ్ళీ నొక్కింది. ఈసారి నా కొడుకు కూడా తల ఊపాడు. పిల్ల చెయ్యి ఎత్తింది. ఆమె నొక్కింది, వాళ్ళు ఊపారు, పిల్ల ఎత్తింది. పిల్ల ముఖంలో వేడుకకు ముందునుంచీ నేను చూడని ఉత్సాహం కనిపించింది. తను చేస్తున్నది సరిగ్గా ఉందని, అందరూ మెచ్చుకుంటున్నారని దానికి తెలుస్తోంది. నా కూతురు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతూ ఏడుస్తోంది.

అమ్మాయి వేలు మీట మీదనే ఆగింది. నొక్కలేదు. వియ్యపురాలు అలవాటుగా తల ఊపింది. పిల్ల చెయ్యి ఎత్తింది.

అమ్మాయి లేచి, తలుపు తెరిచి లోపలికి వెళ్ళి కుర్చీని గోడవైపు తిప్పింది. బయటికి వచ్చి కూర్చుంది. ఇప్పుడు మాకు కనిపించేది పిల్ల గుండు, దాని మీద మొలకెత్తిన జుట్టు, ఎడమ చెవి వెనక వంకరగా మానిన గీత, కుర్చీ చేతి మీద ఆనించిన చిన్న చెయ్యి.

మీట నొక్కింది. శబ్దం పెంచి నొక్కింది. మిషనులో ఇంకా పెంచడానికి లేనంతగా పెంచి నొక్కింది. శబ్దం వెళ్ళినప్పుడల్లా మిషను మీద చిన్న దీపం వెలగడం మాకు కనిపించింది.

కుర్చీ చేతి మీది చెయ్యి లేవలేదు. వెనుదిరిగి ఉన్న ఆ గుండు వైపు చూస్తూ వియ్యపురాలు ఇంకా తల ఊపుతూనే ఉంది.